ఎవరూ ఎత్తొద్దు!

సాయంత్రం ఆరు దాటాక మా ఇంట్లో ఫోన్ మోగితే చాలు, ముందు గదిలోంచి నాన్న కేక వినపడేది... 'ఎవరూ ఎత్తొద్దు!' అని. వంటింట్లో అమ్మ, మంచమ్మీద నాన్నమ్మ, లెక్కలు చేసుకుంటున్న నేను- ఎక్కడివాళ్లం అక్కడే ఆగిపోయేవాళ్లం. రెండో రింగు రాకముందే ఫోన్ దానంతటదే సద్దుమణిగేది. ఆ వెంటనే కీచుమంటూ, బుసకొడుతూ, గరగరమంటూ ఓ రొద. అది కూడా ఆగాక 'హమ్మయ్య, కలిసింది' అనేవాడు నాన్న. అప్పుడుగానీ మేం మళ్లీ కదిలేవాళ్లం కాదు.

ఇది 1999, 2000 నాటి సంగతి. మాది పలకల ఊరు మార్కాపురం. నాన్న ఓ దినపత్రికకు కంట్రిబ్యూటర్. అంతేకాదు, మా ముందు గదే ఆ పత్రిక మోడెం సెంటర్. ఇప్పటి పిల్లలకు ఆ మాట తెలీదు. చుట్టుపక్కల పొదిలి, తర్లుపాడు, దోర్నాల, యర్రగొండపాలెం విలేకరులు రాసిన కాగితాలు బస్సు కండక్టర్ల చేతుల మీదుగా సాయంత్రానికి మా ఇంటికి చేరేవి. వాటిని కంప్యూటర్లో కొట్టి, ఫొటోలు స్కాన్ చేసి, మోడెం అనే చిన్న పెట్టె ద్వారా ఫోన్ లైను మీద విజయవాడ ఆఫీసుకు పంపాలి. అదీ పని.

అంతా బాగానే ఉందిగానీ బిల్లే భయంకరం. మోడెం డబ్బా మీద 33.6 కేబీపీఎస్ అని ఉండేది. అంటే అన్నీ అనుకూలిస్తే సెకనుకు నాలుగు కిలోబైట్లు. మా ఊరి లైను మీద అది 9600కి పడిపోయేది, అంటే సెకనుకు ఒక కిలోబైటు! వార్తల వరకూ ఫరవాలేదు, ఒక్క ఫొటో వెళ్లేసరికి అమ్మ కూర పోపు పెట్టి దించేసేది. మధ్యలో వానొచ్చి లైను తెగితే, జీమోడెం అనే పద్ధతి ఉండబట్టి సరిపోయింది- ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మళ్లీ మొదలయ్యేది. అయినా రోజూ అరగంట ఎస్టీడీ. అప్పట్లో రాత్రి పొద్దుపోయేకొద్దీ సగం చార్జీ, పావు చార్జీ ఉండేవి. జనం బూత్‌ల ముందు టైము చూసుకుంటూ నిలబడేవాళ్లు. కానీ వార్త పావు చార్జీ కోసం ఆగుతుందా? పేజీ కట్టేసే వేళకి వెళ్లిపోవాల్సిందే. రెండు నెలలకోసారి వచ్చే బిల్లు నాన్న ముందు కట్టాలి. వోచరు పంపితే ఆఫీసు డబ్బు తర్వాతెప్పుడో ఇస్తుంది. ఆ 'ఎప్పుడో' రెండు బిల్లుల దూరం ఉండేది. ఓసారి అమ్మ గాజులు ఆ మధ్యకాలాన్ని దాటించాయని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

దానికి విరుగుడు కనిపెట్టింది మా మామయ్య. అమ్మ తమ్ముడు. విజయవాడలో అదే పత్రిక ఆఫీసులో కంప్యూటర్లు చూసేవాడు. 1999 దసరా సెలవులకు నన్ను తీసుకెళ్లి వారం రోజులు తన దగ్గర ఉంచుకున్నాడు. నాకప్పుడు పదకొండేళ్లు. బెంజ్ సర్కిల్, బ్యారేజీ చూపిస్తాడనుకుంటే, ఆ వారమంతా నేను చూసింది ఏసీ గదిలో ఓ మిషను! చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్లాలి, గుళ్లోకి వెళ్లినట్టు.

దాన్ని అందరూ 'యునిక్స్ సర్వర్' అనేవాళ్లు. నిజానికది 'పీసీ క్వెస్ట్' పత్రికతో పాటు వచ్చిన సీడీలోంచి మామయ్య ఎక్కించిన లైనక్స్. యునిక్స్‌కు దగ్గరి చుట్టమే అనుకోండి. అసలు యునిక్స్ పుట్టిందే ఓ ఫోన్ కంపెనీ ఇంట్లో- 1969లో, అమెరికాలోని ఏటీ అండ్ టీ వాళ్ల బెల్ ల్యాబ్స్‌లో. అందుకేనేమో దానికి ఫోన్లతో మాట్లాడ్డం మొదట్నుంచీ అలవాటే. తనే ఫోన్ చేసి అవతలి టెర్మినల్‌ను లోపలికి రానిచ్చే 'సీటీ' అనే రెండక్షరాల కమాండు కూడా పాత యునిక్స్‌లో ఉండేది.

'ఏం చేస్తున్నావ్ మామయ్యా?' అనడిగా.

'మీ నాన్నమ్మ హైదరాబాద్ వెళ్తే ఏం చేస్తుందిరా?'

'చేరాక రెండు రింగులిచ్చి పెట్టేస్తుంది. మనం ఎత్తం. క్షేమంగా చేరిందని అర్థం.'

'అదే! ఇకనుంచి మీ నాన్న కూడా అలా పిలిచి పెట్టేస్తాడు. ఈ మిషనే తిరిగి ఫోన్ చేస్తుంది. బిల్లు ఆఫీసుకి. దీన్నే కాల్‌బ్యాక్ అంటారు.'

అచ్చంగా నాన్నమ్మ పద్ధతి మాత్రం కుదరదని తర్వాత చెప్పాడు. ఆ లైన్ల మీద చేసేవాళ్ల నంబరు కనపడదు. ఒట్టి రింగులైతే మార్కాపురమో మచిలీపట్నమో మిషనుకెలా తెలుస్తుంది? కాబట్టి ఓసారి ఎత్తాలి, పేరు అడగాలి, పెట్టేయాలి. అంటే నాన్నకు అర నిమిషం కాల్ పడుతుంది. అరగంట ఎక్కడ, అర నిమిషం ఎక్కడ!

సర్వర్‌కు వెనకవైపు రెండు సీరియల్ పోర్టులు. ఒక్కోదానికి ఒక్కో మోడెం. ఒకటి, రెండు అని కాకుండా సున్నా, ఒకటి అని లెక్కపెడుతుందది. జర్మనీకి చెందిన గెర్ట్ డోరింగ్ రాసిన 'ఎంగెట్టీ' అనే ప్రోగ్రాం ఆ పోర్టు దగ్గర కాపలా కూర్చుంటుంది. రింగు రాగానే ఎత్తి, పేరడుగుతుంది. 'ఇనిట్‌టాబ్' అనే ఫైల్లో ఆ కాపలావాడి పేరు రాసి, పక్కన 'రెస్పాన్' అని పెట్టాడు మామయ్య. అంటే, ఒక కాల్ ముగిసి వాడు చచ్చిపోతే వెంటనే మళ్లీ పుట్టించమని. నాకది భలే నచ్చింది. ఇక 'లాగిన్ కాన్ఫిగ్' అని ఇంకో ఫైలు. ఎడమవైపు సెంటర్ పేరు, కుడివైపు కాల్‌బ్యాక్ ప్రోగ్రాం, దాని పక్కన ఆ ఇంటి ఫోన్ నంబరు. మార్కాపురం పక్కన మా నంబరు నాచేతే కొట్టించాడు. ఆ ఏసీ గదిలో, ఆ మిషను కడుపులో మా ఇంటి నంబరు... ఛాతీ అంగుళం పెరిగిందంటే నమ్మండి.

మామయ్యకు డబ్బు మిగలడం ఒక్కటే కాదు, దొంగల బెడద తప్పడం కూడా ముఖ్యమే. 1983లో వచ్చిన 'వార్‌గేమ్స్' సినిమాలో ఓ కుర్రాడు వరసగా నంబర్లన్నిటికీ ఫోన్ చేయించి కంప్యూటర్లున్న ఇళ్లను పట్టేస్తాడు. అలాంటివాడు మన సర్వర్ తలుపు తడితే? ఎవరో వచ్చి 'నేను పక్కింటాయన్ని' అన్నాడనుకోండి. తలుపు తీయకుండా, పెరటిదారిన పక్కింటికే వెళ్లి పిలవడం- అదీ కాల్‌బ్యాక్. నిజంగా పక్కింటాయనే అయితే అక్కడే పలుకుతాడు. ఇందులోనూ ఓ చిక్కుందన్నాడు మామయ్య. కొన్ని పాత ఎక్స్చేంజీల్లో ఫోన్ చేసినవాడు పెట్టేస్తేనే లైను తెగుతుంది, ఎత్తినవాడు పెట్టేసినా తెగదు. దొంగ లైను పట్టుకునే ఉండి, డయల్‌టోన్ లాంటి కూత వినిపిస్తే పిచ్చి మోడెం అదే నిజమనుకుని వాడికే నంబరు తిప్పేస్తుంది! అందుకే వచ్చే కాల్స్‌కి ఒక లైను, తిరిగి చేయడానికి వేరే లైను పెట్టాడు. మార్కాపురం మున్సిపాలిటీలో నీళ్లు రాని వార్త దొంగిలించడానికి ఎవడొస్తాడో నాకైతే అర్థం కాలేదు.

మొదటి రోజు ఏదీ పనిచేయలేదు. ఆఫీసు ఫోన్లలో బయటి లైను కావాలంటే ముందు సున్నా నొక్కాలి. మోడెంకి ఆ సంగతి చెప్పి, సున్నా తర్వాత ఓ కామా పెట్టాడు. కామా ఉంటే రెండు సెకన్లు ఆగి మిగతా నంబరు తిప్పుతుంది. (అక్షరాల్లో కామాకు అంత పనుందని మాస్టారెప్పుడూ చెప్పలేదు!) రెండో రోజు మోడెం స్పీకర్లోంచి ఓ ఆడగొంతు... ఈ ఫోనుకు ఆ సౌకర్యం లేదని. చూస్తే, మేనేజరుగారు ఇంటికెళ్తూ ఎస్టీడీకి తాళం వేసి వెళ్లారు. ఎవరో దొంగచాటుగా ఊళ్లకు మాట్లాడుతున్నారని రోజూ అలా వేస్తారట. ఆయన్ని ఒప్పించడానికి ఇంకో రోజు.

నాలుగో రోజు సాయంత్రం. మార్కాపురం నుంచి నాన్న చేశాడు. మిషను ఎత్తింది, పేరడిగింది, పెట్టేసింది. కాసేపాగి, టకటకా నంబరు తిప్పింది. అవతల రింగు. మామయ్య ఊపిరి బిగబట్టాడు. టక్కుమని ఎత్తిన చప్పుడు... పెట్టెలోంచి మా నాన్నమ్మ గొంతు!

'హలో... ఎవరూ? ఎవర్రా, మాట్లాడరేం? నోట్లో బెల్లం పెట్టుకున్నారా?'

విజయవాడ సర్వర్ గదిలో అందరూ పొట్టలు పట్టుకున్నారు. మోడెం పలకరింపేదీ వినపడక ఫోన్ పెట్టేసింది. ఆ రాత్రే నాన్న ఇంట్లో చట్టం చేశాడు- సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ ఎవరూ ఎత్తొద్దు. మా ఇంటి మోడెంని 'ఆటో ఆన్సర్'లో పెట్టారు. 'ఎస్ సున్నా ఈక్వల్స్ ఒకటి' అని ఓ ఆజ్ఞ ఉంటుంది. అంటే మొదటి రింగుకే నువ్వే ఎత్తెయ్ అని.

ఆ ఎత్తడంలో ఓ చిన్న విశేషముంది. కాల్ అందుకున్న మోడెం వెంటనే కూయదు. దాదాపు రెండు సెకన్లు మౌనంగా ఉంటుంది, ఆ తర్వాతే కూత మొదలుపెడుతుంది. ఈ రెండు సెకన్ల సంగతి గుర్తుపెట్టుకోండి.

ఎనిమిది నెలలు అద్భుతంగా నడిచింది. బిల్లు పడిపోయింది. 'మీ తమ్ముడు పుణ్యాత్ముడే' అని నాన్న అమ్మతో అన్నమాట నాకు గుర్తే. నాన్న నోట అత్తవారింటి మీద అలాంటి మాట రావడం మామూలు విషయం కాదు.

2000 జూన్‌లో ఓ సాయంత్రం. బడులు తెరిచిన కొత్త. నాన్న విజయవాడకు చేసి, పేరు చెప్పి, పెట్టేశాడు. తిరుగు కాల్ రాలేదు. మళ్లీ చేశాడు. రాలేదు. సాయంత్రం వేళ ఎస్టీడీ లైన్లు దొరక్కపోవడం మామూలే. మోడెంని ఆటో ఆన్సర్‌లో వదిలేసి, పొదిలి విలేకరితో మాట్లాడుతూ అరుగు మీద కూర్చున్నాడు.

ఫోన్ మోగింది. మోడెం ఎత్తింది. నేను దాని పక్కనే కూర్చుని డ్రాయింగ్ వేసుకుంటున్నా. స్పీకర్లోంచి 'హలో...' అని ఓ మగ గొంతు. ఆ వెంటనే 'అ...' అని ఏదో అనబోయేలోగా కూత కమ్మేసింది. కాసేపు అరిచి అరిచి, అవతల మోడెం లేదని తెలుసుకుని అదే పెట్టేసింది.

'నాన్నా, ఎవరో హలో అన్నారు.'

'క్రాస్‌టాక్‌లేరా' అన్నాడు నాన్న అరుగు మీంచే.

తప్పేం లేదు. అప్పట్లో మన ఫోన్‌లో ఊళ్లోవాళ్ల పెళ్లి సంబంధాలు కూడా వినపడేవి. మళ్లీ మోగింది. మళ్లీ 'హలో', మళ్లీ కూత. మూడోసారీ అంతే. విజయవాడలో పెట్టెలోంచి నాన్నమ్మ గొంతు విన్నవాణ్ని నేను. అది మనిషేనని, ఇటు ఫోన్ ఎత్తితే పలుకుతాడని ఆ ఊళ్లో అందరికన్నా నాకే బాగా తెలుసు. రిసీవర్ నా చేతికి జానెడు దూరంలో ఉంది. ఎత్తలేదు. ఆరు దాటాక ఎవరూ ఎత్తకూడదు మరి.

ఆ గొంతు మామయ్యది.

నరసరావుపేట దగ్గర ఊళ్లో ఉండే తాతయ్యకు ఆ మధ్యాహ్నం గుండెనొప్పి వచ్చింది. గుంటూరు ఆసుపత్రికి తీసుకొచ్చారు. విజయవాడ నుంచి మామయ్య పరుగున వెళ్లాడు. డాక్టర్లు కూతుర్ని పిలిపించుకోమన్నారట. ఆసుపత్రి ఎదురుగా ఎస్టీడీ బూత్. అక్కకు ఫోన్ చేస్తే ఆయన చెవిలో పడింది తను పెట్టించిన కూతే! ఎత్తింది మనిషైనా మిషనైనా ఎస్టీడీ మీటర్‌కు తేడా లేదు. ఎర్రంకెలు తిరిగిపోతున్నాయి. మూడు కాల్స్, మూడు చీటీలు. పక్కింటికి చేయొచ్చుగా అంటారేమో. సొంత ఫోనున్న ఇంటికి పీపీ నంబరు ఎవరు రాసుకుంటారండీ?

అప్పుడు మామయ్యకు తట్టింది. మా ఇంట్లోకి మనిషి గొంతు వెళ్లదు. సర్వర్ మాట ఒక్కటే వెళ్తుంది. సరే, సర్వర్ చేతే చెప్పిద్దాం!

యునిక్స్‌లో 'ఎంఓటీడీ' అని ఒక ఫైలుంటుంది. మెసేజ్ ఆఫ్ ద డే. లోపలికి వచ్చిన ప్రతివాడి తెరమీదా మొదట కనపడేది అందులోని మాటే. మామయ్య ఆఫీసుకు ఫోన్ చేసి నైట్‌షిఫ్ట్ కుర్రాణ్ని సర్వర్ ముందు కూర్చోబెట్టాడు. అందులో రాయాలంటే రూట్ పాస్‌వర్డ్ కావాలి. ఎవరికీ చెప్పని పాస్‌వర్డ్, దొంగల కోసం రెండేసి లైన్లు పెట్టించిన మనిషి... గుంటూరులో జనం కిటకిటలాడుతున్న బూత్‌లో నిలబడి ఒక్కో అక్షరం అరిచి చెప్పాడు. 'స్లాష్ ఈటీసీ స్లాష్ ఎంఓటీడీ... ఒరేయ్, స్లాష్ అంటే ఏటవాలు గీత, కుడివైపు వాలేది!' లైన్లో ఉన్నవాళ్లు పిచ్చివాణ్ని చూసినట్టు చూశారట.

ఇక్కడ ఏడున్నరకి నాన్న మళ్లీ ప్రయత్నించాడు. ఈసారి తిరుగు కాల్ వచ్చింది. కలిసింది. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లిషు అక్షరాలు, తెలుగు మాటలు:

'మార్కాపురం సెంటర్‌కి. అక్కా, నాన్నకు సీరియస్. గుంటూరు వెంటనే బయల్దేరు. తమ్ముడు.'

నాన్న ఒకటికి రెండుసార్లు చదివాడు. తర్వాత నావైపు చూశాడు. ఏమీ అనలేదు. 'హలో అన్నది ఎవర్రా?' అని కూడా అడగలేదు. ఆ రోజు మార్కాపురం వార్తలు సగమే వెళ్లాయి. నాన్నమ్మను పక్కింటివాళ్లకు అప్పజెప్పి, వినుకొండ మీదుగా వెళ్లే రాత్రి బస్సు ఎక్కేశాం. బస్సులో అమ్మ ఒక్కమాట మాట్లాడలేదు, నా చెయ్యి మాత్రం వదల్లేదు. ఆ చేత్తోనే కదా ఎత్తాల్సింది అని నాకు ఒకటే గుబులు.

మేం వెళ్లేసరికి తాతయ్యకు తెలివి ఉంది. అమ్మను గుర్తుపట్టాడు. 'ఇంత రాత్రివేళ పిల్లాణ్ని తీసుకుని ఎట్లా వచ్చావమ్మా' అన్నాడు. మామయ్య గోడకానుకుని ఏడ్చేశాడు. మూడో రోజు తెల్లవారుజామున తాతయ్య పోయాడు. ఆ రెండు రోజులూ అమ్మకు దక్కాయి. ఇంకో గంట నాన్న ఫోన్ చేయకపోయి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ లెక్కవేస్తుంటాను. రాత్రి బస్సు దాటిపోయేది. ఆ తర్వాతిది తెల్లారాకే.

దినం అయ్యాక ఇంటికొస్తే ఫోన్ మీద ఫోన్. చీరాల సెంటరాయన, గుడివాడ ఆయన, జగ్గయ్యపేట ఆయన... 'మీ మామగారికి ఎలా ఉందండీ?' అని. ఎంఓటీడీ అందరికీ కనపడేదే కదా! ఆ రాత్రి అన్ని మోడెం సెంటర్లలోనూ మా తాతయ్య సంగతి చదివాకే వార్తలు పంపారు. ముఖాలెరగని మనుషులు. నైట్‌షిఫ్ట్ కుర్రాడు దాన్ని తీసేయడం మర్చిపోవడంతో రెండు రోజులు అలాగే ఉందట. మామయ్య వచ్చి ముందు పాస్‌వర్డ్ మార్చి, తర్వాత ఆ మాట చెరిపాడు.

ఆయన కాల్‌బ్యాకే ఎత్తేద్దామన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. బిల్లుల సంగతి ఆవిడకు తెలుసుగా.

'దాన్నెందుకు తీసేయడం? మోగితే ముందు మనిషే ఎత్తి హలో అంటే సరిపోలా? మనిషైతే పలుకుతాడు. పలక్కపోతే మిషనని తెలుస్తుంది. అప్పుడివ్వండి దానికి' అంది.

మామయ్య అమ్మ ముఖంకేసి చూస్తూ ఉండిపోయాడు. నిజమే, 'ఏటీఏ' అని కొడితే మోడెం అప్పటికప్పుడు లైను అందుకుంటుంది. రిసీవర్ పెట్టేస్తే చాలు. ఆటో ఆన్సర్ తీసేశారు. అన్ని సెంటర్లకూ కాగితం వెళ్లింది- ముందు మనిషి ఎత్తవలెను అని. ఆ కాగితం కింద మామయ్య సంతకం ఉంది. ఐడియా అమ్మది.

తర్వాత నాలుగైదేళ్లకు వార్తలు ఈమెయిల్లో వెళ్లడం మొదలైంది. 2006లో దేశమంతటా ఎస్టీడీ నిమిషానికి రూపాయి అయ్యాక ఆఫీసులో ఆ పాత సర్వర్ కూడా ఆపేశారు. మా మోడెం ఇప్పటికీ అటక మీద ఉంది. నాన్న పడేయనివ్వడు.

అమ్మకు ఇప్పుడు సెల్‌ఫోన్ ఉంది. రోజూ లోన్లు కావాలా, ప్లాట్లు కావాలా అని పది కాల్స్. అన్నీ ఎత్తుతుంది. మొన్న ఊరెళ్లినప్పుడు మేం భోజనం చేస్తుంటే మోగింది. ఏదో తెలియని నంబరు.

'ఎత్తొద్దమ్మా' అన్నాను.

నాన్న కంచంలోంచి తలెత్తి నన్ను చూశాడు. అమ్మ అప్పటికే కొంగుతో చెయ్యి తుడుచుకుని, పచ్చబొత్తాం నొక్కేసింది.

'హలో... ఎవరు నాయనా?'